వికీపీడియాకు మనం బాకీపడ్డది

వికీపీడియా పేజీ తెరవగానే పైన చందా అడిగే పెట్టె కనబడితే మామూలు పాఠకుడు దాన్ని మూసేసి చదువుకుంటూ పోతాడు. సొంతంగా వెబ్‌సైట్ నడిపేవాళ్లకు అది అంత తేలిక కాదు, వాళ్లకు ఆ సంస్థతో పాత లెక్కలుంటాయి. లేపాక్షి, పెనుకొండల మీద నేనూ ఒక చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాను. డొమైన్‌కూ హోస్టింగుకూ ఏటా జేబులోంచే కడతాను. హిందూపురంలో, ధర్మవరంలో నాలాంటివాళ్లు ఇంకొందరున్నారు. కలిసినప్పుడల్లా ఈ చందా మాట రాక మానదు.

ధర్మవరంలో పట్టుచీరలు ఆన్‌లైన్‌లో అమ్మే మిత్రుడిది సూటి మాట: "మన లింకు పెడితే తీసేస్తారన్నా. మల్లా మనల్నే దుడ్లు అడుగుతాండారు. యాలియ్యల్ల?"

ఆయన బాధలో అర్థముంది. మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాడు. చీర గురించి ఆయన రాసినంత వివరం ఇంకెక్కడా లేకపోయినా, వెతికితే ముందు కనబడేది వికీపీడియానే. దానికితోడు 2007 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా తన బయటి లింకులన్నింటికీ ‘నోఫాలో’ గుర్తు తగిలించింది. ఆ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తు అది. మన సైటును ఆధారంగా చూపించినా, వెతుకులాటలో మనం పైకి రావడానికి అది పెద్దగా పనికిరాదన్నమాట.

అయినా లింకు తీసేసినవాళ్లదే న్యాయమంటాను. ఒక కొట్టుకు చోటిస్తే తెల్లారేసరికి బజారంతా దిగుతుంది. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లోని వస్త్రాల అంచులు ధర్మవరం మగ్గం మీదికి ఎలా దిగాయో చెప్పాల్సిన వ్యాసం చివరికి ధరల పట్టికగా మిగులుతుంది. ఆ ‘నోఫాలో’ గుర్తు పెట్టిందీ లింకుల కోసం వ్యాసాలను పాడుచేసేవాళ్ల బెడద పడలేకే.

డబ్బు సంగతి అంత సులభంగా తేలదు. 2020లో మనదేశ పాఠకులను చందా అడిగినప్పుడు తలా 150 రూపాయలు ఇమ్మన్నారు. ఇవ్వకపోతే రేపు సైటు మూతబడుతుందేమో అనిపించే ధోరణిలో ఆ విన్నపాలుండేవి. లెక్కలు చూస్తే అలా ఏమీ లేదు. 2022-23లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఆదాయం 18 కోట్ల డాలర్లు. వెబ్ హోస్టింగుకు అయింది దాదాపు 31 లక్షల డాలర్లు, జీతభత్యాలు 10 కోట్లు దాటాయి. 2016లో మొదలుపెట్టిన శాశ్వత నిధి 2021కే 10 కోట్ల డాలర్లకు చేరింది. మనమిచ్చే చందాకు ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు కూడా రాదు. ఇంత ఉన్న సంస్థ, ఆదాయం లేని సైట్లవాళ్లను కూడా అదే గొంతుతో అడగడం నాకు ఇప్పటికీ నచ్చదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అడిగితే ఇచ్చేవాళ్లు తగ్గరు.

కానీ ఆ ఖర్చుల్లో ఏమేం కలిసున్నాయో సైటు నడిపేవాడికే బాగా తెలియాలి. 2024లో ఏఎన్ఐ వార్తాసంస్థ తన గురించిన వికీపీడియా వ్యాసం మీద ఢిల్లీ హైకోర్టులో పరువునష్టం దావా వేస్తే, వకీళ్లను పెట్టుకుని నిలబడింది ఫౌండేషనే. నాకు అలాంటి నోటీసు ఒక్కటి వస్తే ఆ సాయంత్రానికి నా సైటు ఉండదు. ఒక్క ప్రకటన లేకుండా మూడొందలకు పైగా భాషల్లో నడుస్తున్న పని అది. అందులో తెలుగు కూడా ఉంది. 

అడిగేవాళ్లు వేరు, రాసేవాళ్లు వేరు అన్న సంగతి మా మిత్రుల్లో చాలామందికి తెలియదు. చందా వెళ్లేది అమెరికాలోని ఫౌండేషన్‌కు. తెలుగులో వ్యాసాలు రాసేవాళ్లకు జీతం లేదు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియా ఇప్పుడు లక్ష వ్యాసాలు దాటింది. 2016 సెప్టెంబరు నుంచి రోజుకో వ్యాసం చొప్పున వెయ్యి రోజులు దాటించిన ప్రణయ్‌రాజ్ వంగరి లాంటివాళ్లు అందులో ఉన్నారు. తెలుగువాళ్లకు విజ్ఞాన సర్వస్వం ఉండాలని కొమర్రాజు లక్ష్మణరావు మూడు సంపుటాలు తెచ్చి, 1923లో పని మధ్యలోనే కన్నుమూశారు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం మీద సంపాదించిన సొమ్ము పెట్టి ఆ పనిని ముందుకు నెట్టారు. అయినా అది పూర్తికాలేదు. అంతటివాళ్లకు సాధ్యం కానిది ఈరోజు నా ఫోనులో ఉచితంగా ఉందంటే దాన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

నా సైటు కూడా దాని మీద ఆనుకునే నిలబడింది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు ఎలా వచ్చిందో, గగన్ మహల్ ఎక్కడుందో నేను రాస్తాను. ఆ యుద్ధం గురించీ విజయనగరాన్నేలిన అచ్యుతదేవరాయల గురించీ అంతా నేను రాయలేను. అందుకే ఆ పేర్ల మీద నొక్కితే వికీపీడియా తెరుచుకునేలా పెట్టాను. మా అందరి సైట్లలోనూ ఇదే వరస.

అందుకని ఏటా ఎంతోకొంత ఇస్తాను. ఇవ్వనివాళ్లను తప్పుపట్టను. మన ఊళ్లవాళ్లం నిజంగా బాకీపడింది మాత్రం వేరే ఉంది: మన ఊళ్ల ఫొటోలు, ఆధారాలు.

లేపాక్షి వేలాడే స్తంభం కింద ఒకామె తువ్వాలును ఇటునుంచి అటు లాగుతుండగా నేను తీసిన ఫొటో ఒకటుంది. స్తంభం అడుగున సందు, బట్ట మడత, నేల మీది వెలుతురు అన్నీ అందులో స్పష్టంగా కనబడతాయి. ఒక పర్యాటక సైటు దాన్ని నా పేరు లేకుండా వాడుకుంది. ఆ కోపంతో ఫొటోలన్నీ దాచుకోవాలనిపించింది. చివరికి దాన్ని వికీపీడియా ఫొటోలుండే వికీమీడియా కామన్స్‌కే ఎక్కించాను. తీసిన తేదీ, చోటు రాసి, ఎవరైనా వాడుకోవచ్చు కానీ తీసినవారి పేరు చెప్పాలన్న లైసెన్సు ఎంచుకుంటే చాలు, పది నిమిషాల పని. ఇప్పుడు అది ఎవరిదో ఎవరైనా చూసి తెలుసుకోవచ్చు.

ఆధారాల పనీ అలాంటిదే. మన ఊళ్ల వ్యాసాల్లో వాక్యం పక్కన "ఆధారం చూపాలి" అన్న చిన్న అక్షరాలు కనబడుతుంటాయి. మన సొంత సైటును చూపిస్తే ఒప్పుకోరు, అది సబబే. అచ్చయిన పుస్తకం, శాసన సంపుటం, పుట సంఖ్య కావాలి. అవి మన గ్రంథాలయాల్లో ఉన్నాయి, దూరాన కూర్చున్నవాళ్లకు అంత తేలిగ్గా దొరకవు.

ధర్మవరం మిత్రుడికీ ఇదే చెప్పాను. కొట్టు లింకు వదిలేసి, అచ్చు కట్టడం నుంచి చీర మడత దాకా ఒక్కో దశనూ ఫొటో తీసి ఎక్కించమన్నాను. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు, ధర్మవరం రంగుల అద్దకం, పెనుకొండ కొండమీది కోట మన కళ్లముందే ఉన్నాయి. ఈసారి చందా పెట్టె కనబడినప్పుడు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, మీ ఊరి వ్యాసం ఒకసారి తెరిచి చదవండి. తప్పుంటే అక్కడే దిద్దండి.