ప్రాగ్ రాతివంతెన - ముహూర్తబలము

చెక్ దేశమునకు ముఖ్యపట్టణమైన ప్రాగ్ నగరమున, వల్తావా నదిపై, చార్లెస్ వంతెన యను ప్రాచీనమైన రాతికట్టడ మొకటి కలదు. పొడవు సుమారు 516 మీటర్లు, కమానులు 16. దీనిని వర్ణించు గ్రంథములలోను, యాత్రికుల కమ్మెడు చిన్నపుస్తకములలోను తఱచుగా కనబడు కథ యొకటున్నది. నాలుగవ చార్లెస్ చక్రవర్తి జ్యోతిష్కుల మాట విని, 1357వ సంవత్సరము, 9వ తేది, 7వ మాసమున, ఉదయము 5 గంటల 31 నిమిషములకు తొలిరాయి నిలిపెనట. ఈ యంకెలను వరుసగా వ్రాసినచో 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1 అని యెక్కి దిగును. వంతెన యాకృతియే యంకెలలో నున్నదని రచయితలు మురియుచున్నారు. అంతటితో నాగిన బాగుండెడిది. ఆ ముహూర్తబలముననే కట్టడము ఆరు శతాబ్దులకు పైగా నిలిచినదని కొందరు తేల్చుచున్నారు. విచారింపవలసినది యీ తేల్చుటయే.

ముందుగా అంకెలను జూతము. సంవత్సరముతో నారంభించువారు పిదప మాసమును, ఆ పిదప తేదిని చెప్పుదురు. తేదితో నారంభించువారు మాసమును, సంవత్సరమును తరువాత చెప్పుదురు. సంవత్సరము, తేది, మాసము అను నీ వరుస యెవరి వాడుక? అందము కుదురుటకై యంకెలను తమకు వలసినట్లు పేర్చుకొనిరి. మఱియు నా కాలమున మధ్య యూరపు లేఖ్యములలో సంవత్సరమును సాధారణముగా రోమను సంఖ్యలలో వ్రాసెడివారు. ఆ సంఖ్యలలో నీ చమత్కారము పొడకట్టనే పొడకట్టదు. మన దేశమున బుట్టి, అరబ్బుల మూలమున నక్కడకు జేరిన యంకెలలోనే యది కనబడును. ఇక 31 నిమిషముల మాట. ప్రాగ్ పురమందిరపు ప్రసిద్ధమైన ఖగోళ గడియారము 1410 నాటిది. దానికిని నిమిషముల ముల్లు లేదు. చార్లెస్ రాజునకు జ్యోతిషమున విశ్వాస ముండెననుట నేను కాదనను. కాని యీ క్షణమును నిర్ణయించి ప్రతిపాదించినది ఇరువదవ శతాబ్దపు ఖగోళచరిత్రకారుడు జెనెక్ హోర్‌స్కీ. ఆనాటి గ్రహస్థితులను గణించి ఆయన చేసిన యూహ యది. ఊహను ఊహగా చెప్పిన దోషము లేదు. దానిని దినచర్యలోని వ్రాతవలె జెప్పుట దోషము.

పోనిండు, ముహూర్తము నిజమే యనుకొందము. ఫలమెట్లున్నది? 1432లో వరద వచ్చి మూడు స్తంభములను గూల్చెను. 1496లో ప్రవాహము పునాదిని తొలువగా నొక స్తంభము క్రుంగి కమాను విరిగెను; ఆ మరమ్మతు 1503 వఱకు సాగెను. 1784లో ఐదు స్తంభములు గట్టిగా దెబ్బతినెను. 1890 సెప్టెంబరు వరదలో కొట్టుకొనివచ్చిన దుంగలు కమానుల కడ్డుపడి నీటిని బిగబట్టగా, మూడు కమానులు కూలి, రెండు విగ్రహసమూహములు నదిపాలయ్యెను. 1892 నాటికి గాని రాకపోకలకు వంతెన మరల సిద్ధము కాలేదు. కూలిన నాడు ముహూర్తమును నిందించినవారు లేరు. నిలిచిన నాడు కీర్తి యంతయు దానికే. కాకి వాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కమారు జరిగిన కార్యకారణసంబంధ మేర్పడదని మన శాస్త్రకారు లెప్పుడో చెప్పిరి. ఇచ్చట కాకి వాలినట్లు సాక్ష్యము లేదు, పండు నాలుగుమార్లు రాలినది!

నిజమైన కారణములు వెదకుట కష్టము కాదు. ఇదే తావునకు కొంచెము దిగువగా జూడిత్ రాణి పేర నొక రాతివంతెన యుండెను. అది 1172 ప్రాంతమున ముగిసినది. 1342లో మంచుగడ్డలతో గూడిన వరద దానిని గూల్చెను. దాని కమానులు ఇరువదికి పైగా నుండెను. కట్టడము తగ్గుగా నుండెను. క్రొత్తదానిని గట్టినవారు ఆ పాఠమును మఱువలేదు. కమానుల సంఖ్యను దగ్గించి, వెడల్పును బెంచి, బాటను కొన్ని మీటర్లు పైకెత్తిరి. స్తంభముల కెగువను మంచుగడ్డలను జీల్చుటకు కొయ్యకట్టడముల నేర్పాటు చేయుచువచ్చిరి. ఈ పని పీటర్ పార్లెర్ అను శిల్పిదని చిరకాలము వ్రాసిరి. అందధిక భాగము ఓట్ల్ అను రాతిపని పెద్దదని యిటీవలి పరిశోధకు లనుచున్నారు. రాజు పేరు వంతెనకు 1870లో వచ్చినది, అంతకు మున్ను జనులు రాతివంతెన యనియే పిలిచిరి. జ్యోతిష్కుని పేరు కథలో నిలిచినది. ఓట్ల్ పేరు చిన్నపుస్తకములలో నరుదు.

ఇది పరదేశపు ముచ్చట యని తోసివేయుటకు వీలులేదు. శంకుస్థాపనకై నాలుగు పంచాంగములు తిరుగవేసి, పునాది లోతును మాత్రము మేస్త్రీ యిష్టమునకు విడుచు గృహస్థులు మన వీథులలోను గలరు. గోడ బీటవాఱినపుడు వారడుగు ప్రశ్న యేదో పాఠకులకు దెలియును.

ఆ నగరమున నింకొక కథ గలదు. సున్నము గట్టిపడుటకై రాజు ఊరూర గ్రుడ్లు తెప్పింపగా, వెల్వారీ యను నూరివారు దారిలో పగులునేమో యని వానిని ఉడికించి పంపిరట. ఇదియు కథయే. అయినను నాకీ కథయే యిష్టము. గచ్చులో కరక్కాయ నీరును బెల్లమును గలిపించిన మన పెద్దలు విన్న నవ్వుకొనెడివారు.

2002 ఆగస్టు వరదలో వంతెన కాపాయము కలుగలేదు. అయినను నగరపాలకులు ఊరకుండక, 2004, 2005 సంవత్సరములలో ఎనిమిదవ, తొమ్మిదవ స్తంభముల పునాదులను బలపఱపించిరి. ఆ పని మొదలిడిన గడియ యేదో నేను జూచిన పుస్తకములలో లేదు.