పంటి నొప్పి బిళ్ల – ఒక గుణదోష విమర్శ

నెల్లూరు జిల్లాలోని బోగోలు మండలమునకు ఒక ప్రక్క బిట్రగుంట రైలు స్టేషను, మరియొక ప్రక్క జువ్వలదిన్నె సముద్రతీరము కలవు. ఇట్టి ఊళ్లలో రాత్రివేళ ఎవరికైన పన్ను సలుపు పుట్టినచో మొదట లవంగము వెదకుదురు. తెల్లవారిన పిమ్మట మందుల షాపునకు పోయి, “పంటి నొప్పికి ఒక బిళ్ల ఇవ్వండి” అని అడుగుదురు. బిళ్ల మింగిన గంటలోపల నొప్పి తగ్గును. “మంచి మందు” అను తీర్పు అప్పుడే వెలువడును. ఈ తీర్పు ఎంతవరకు సరియైనదో విచారింపవలసియున్నది.

ముందుగా నొప్పి ఎట్లు పుట్టునో చూతము. పంటికి పైన ఎనామిల్ అను గట్టి పొర, దాని క్రింద డెంటిన్, నడుమ నరములు, రక్తనాళములు గల మెత్తని గుజ్జు ఉండును. పుచ్చు గుజ్జును చేరగనే అచట వాపు కలుగును. చేతికో కాలికో వాపు వచ్చినచో చర్మము సాగి చోటిచ్చును. పంటి లోపల అట్టి వీలు లేదు. నాలుగు వైపుల గట్టి గోడలే. అందుచే ఒత్తిడి పెరిగి నరములు నొక్కుకొనిపోవును. పడుకొన్నప్పుడు తలకు రక్తపు ఒత్తిడి హెచ్చును గనుక సలుపు రాత్రి మరింత బాధించును.

దెబ్బతిన్న కణములు ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములను తయారుచేయును. ఇవి నరముల కొనలను మిక్కిలి సున్నితము చేయును. రక్తనాళములను వెడల్పు చేసి వాపును పెంచును. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్లను పుట్టించు ఎంజైమును అడ్డగించును. ఆస్పిరిన్ 1899 నుండి అమ్మకములో ఉన్నను, అది పనిచేయు తీరును బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ 1971లో గాని కనుగొనలేదు. ప్రోస్టాగ్లాండిన్ల పరిశోధనకు 1982లో ఆయనకు మరియిద్దరితోపాటు నోబెల్ బహుమానము లభించినది. ఒక మందు డెబ్బది ఏండ్లు వాడుకలో ఉన్న తరువాత గాని దాని మర్మము తెలియలేదన్నమాట.

ఈ వివరణలోనే బిళ్ల యొక్క హద్దు కూడ కనబడుచున్నది. అది ఎంజైమును అడ్డగించును గాని, పుచ్చును పూడ్చదు; క్రిములను చంపదు. నొప్పి అనునది ఇంటికి నిప్పంటుకొన్నదని కేకవేయు కావలివాని వంటిది. వాని నోరు నొక్కినంత మాత్రమున నిప్పు ఆరదు. అంతకన్న మోసకరమైన సంగతి మరియొకటి కలదు. కొన్ని దినములు బాధించిన పన్ను తనంతట తానే ఊరకుండును. లోపలి గుజ్జు చచ్చిపోయినందున అట్లు జరుగవచ్చును. రోగి సంతోషించును; రోగము మాత్రము వేరు కొనకు దిగి చీముగడ్డగా మారును. క్రింది దవడ పండ్ల నుండి చీము నాలుక క్రిందికి, మెడలోనికి వ్యాపించినచో ఊపిరి ఆడకపోవు ప్రమాదము కలదు. 1836లో దీనిని వర్ణించిన జర్మను వైద్యుడు లుడ్విగ్ పేరుతోనే ఈ జబ్బును నేటికిని పిలుచుచున్నారు. కావున “నొప్పి పోయినది” అను మాటతో మందునకు యోగ్యతాపత్రము ఇచ్చుట మొదటి పొరపాటు.

రెండవ పొరపాటు ఏ బిళ్ల అయినను ఒకటే అనుకొనుట. ఈ విషయములో దంతవైద్యము శాస్త్రమునకు గొప్ప ఉపకారము చేసినది. జ్ఞానదంతము తీయించుకొనువారు సాధారణముగా ఆరోగ్యవంతులైన యువకులు; అందరికిని ఇంచుమించు ఒకే రకపు గాయము, ఒకే రకపు నొప్పి. అందుచే క్రొత్త నొప్పిమందులను పరీక్షించుటకు జ్ఞానదంతము ఒక తూకపురాయి వలె ఉపయోగపడుచున్నది. ఇట్టి పరీక్షలను పరిశీలించిన 2013 నాటి కోక్రేన్ సమీక్ష పారాసెటమాల్ కంటె ఐబుప్రోఫెన్ మెరుగని తేల్చినది. రెండును కలిపి వాడిన ఫలితములు కూడ ఆశాజనకముగా ఉన్నవని తెలిపినది. పారాసెటమాల్ నొప్పిని, జ్వరమును తగ్గించును గాని వాపుపై దాని ప్రభావము స్వల్పము. నల్లమందు జాతి మందులు అలవాటై మనిషిని లొంగదీయును గనుక వాటికి ముందు ఐబుప్రోఫెన్ వంటివే వాడవలెనని అమెరికా దంతవైద్య సంఘము 2024లో సూచించినది.

మరి షాపులలో ఇచ్చు మిశ్రమపు బిళ్లల సంగతి ఏమి? ఒకే బిళ్లలో రెండు మూడు మందులు కూర్చి, అందులో “వాపు తీయునది” అని సెర్రాషియోపెప్టిడేజ్ అను ఎంజైమును చేర్చుట మన దేశమున పరిపాటి. ఈ ఎంజైమును జపానులో అమ్ముచుండిన తకేదా సంస్థ, ఉత్తుత్తి మాత్రతో పోల్చిన పరీక్షలలో దాని మేలు రుజువు కానందున, 2011లో తానే అమ్మకమును నిలిపివేసినది. పుట్టిన దేశములో నిలువని మందు ఇచట చీటీలపై నిలిచియుండుట ఆలోచింపదగిన విషయము. మన ప్రభుత్వమును మిశ్రమములను గమనింపకపోలేదు. 2016లో 344 మిశ్రమములను నిషేధించుట, అది న్యాయస్థానములకు ఎక్కుట జరిగినది. 2024 ఆగస్టులో మరి 156 మిశ్రమములు నిషేధింపబడినవి. ఎసిక్లోఫెనాక్ 50, పారాసెటమాల్ 125 మిల్లీగ్రాముల బిళ్ల వాటిలో ఒకటి. కాలేయమునకు హాని చేయగల నిమెసులైడ్‌ను పండ్రెండేండ్ల లోపు పిల్లలకు వాడరాదని 2011లోనే నిషేధించిరి.

నొప్పి బిళ్లతో జతగా యాంటీబయాటిక్ గొట్టములు నాలుగు పొట్లము కట్టి ఇచ్చు ఆచారము కూడ విమర్శకు లోనుకావలసినదే. పంటి గుజ్జు వాపునకు యాంటీబయాటిక్ పనికిరాదు. రక్తప్రసారము నిలిచిన చోటికి మందు చేరదు. జ్వరము, ముఖము వాపు ఉన్నప్పుడు వైద్యుడు దానిని ఇచ్చుట వేరు విషయము.

హానిని గూర్చి తీరప్రాంతమువారు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది ఒకటి కలదు. ఎండలో చెమటోడ్చి, త్రాగునీరు చాలని మనిషికి మూత్రపిండములలో రక్తప్రసారము తగ్గకుండ కాపాడునవి కూడ ఈ ప్రోస్టాగ్లాండిన్లే. పడవపై వేటకు పోవునట్టివారు, పొలములో కూలి చేయువారు వాటిని రోజుల తరబడి బిళ్లలతో అణచివేసినచో మూత్రపిండములు దెబ్బతినవచ్చును. కడుపులోని మెత్తని పొరకు రక్షణ ఇచ్చునవియు అవియే. కావుననే పరగడుపున వాడినవారికి కడుపు మంట, పుండు కలుగును. ఉబ్బసము గలవారు, గర్భిణులు, మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని అడుగకుండ వీటిని తాకరాదు. డెంగీ అని అనుమానము గల జ్వరములో వీటివలన రక్తస్రావము జరుగవచ్చును.

ఇంటి వైద్యమును కూడ ఇదే త్రాసులో తూచవలెను. లవంగ తైలములోని యూజెనాల్ నరమును మొద్దుబార్చును. జింకు ఆక్సైడుతో కలిపి దంతవైద్యులును దానిని తాత్కాలికపు పూడికకు వాడుదురు. ఇది నిజమైన గుణమే. కాని అదియు పుచ్చును మాన్పదు. ఎక్కువైనచో చిగురు కాలును. ఆస్పిరిన్ బిళ్లను నేరుగా చిగురుపై అదిమి ఉంచుకొనువారికి ఆ చోట చర్మము తెల్లబడి కాలిపోవును. ఆ మందు పనిచేయవలసినది రక్తము ద్వారా గాని చిగురుపై కాదు.

ఇంత చెప్పినను బిళ్ల మింగినవానిని నిందించుట న్యాయము కాదు. కావలికో నెల్లూరికో పోయి పన్ను చూపించుకొనుటకు ఒక దినపు కూలి పోవును, బస్సు చార్జీ అగును. బిళ్ల చౌక, చేరువ. రెండు రాత్రులు నిద్ర ఇచ్చి, దంతవైద్యుని వద్దకు పోవువరకు ఓపిక నిలిపినచో అది ఎంతో మేలు చేసినట్లే. బిళ్లను ఆ ప్రయాణమునకు సాయముగా గాక, ప్రయాణమునకు బదులుగా వాడుటలోనే దోషమున్నది.

పాఠశాలలో దీనికొక చిన్న సాధన కలదు. ఖాళీ అయిన మందుల అట్టలను ఇండ్ల నుండి తెప్పించి, పెద్ద అక్షరముల వ్యాపారనామమును విడిచి, చిన్న అక్షరములలోని అసలు మందు పేరును, మిల్లీగ్రాములను విద్యార్థులచే పట్టిక వ్రాయించవచ్చును. జ్వరపు బిళ్ల, జలుబు బిళ్ల, పంటి బిళ్ల అని మూడు పేర్లతో వచ్చిన వాటిలో పారాసెటమాల్ ఒక్కటే మూడుమార్లు కనిపించుట అరుదు కాదు. పెద్దవారికి దినమునకు 4 గ్రాములు మించినచో అది కాలేయమునకు విషమని అప్పుడు చెప్పినచో, ఆ పట్టిక సాయంత్రమునకు ప్రతి ఇంటికిని చేరును.