ప్రథమ పురుష నుంచి ఉత్తమ పురుషకు: తెలుగు జాతీయోద్యమ కవిత్వంలో ప్రబోధరీతులు

వ్యాససంగ్రహం:

జాతీయోద్యమ కవిత్వాన్ని మన సాహిత్యచరిత్రలు వస్తువును బట్టి వర్గీకరించాయి. ఆ కవిత్వం శ్రోతను ఒప్పించిన తీరును అంత శ్రద్ధగా పరిశీలించలేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం తేటగీతి, గురజాడ అప్పారావు 'దేశభక్తి', గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' అనే మూడు రచనల్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: జాతీయోద్యమం, ప్రబోధం, పురుషవాచకం, తేటగీతి, ముత్యాలసరం, పాట.

1. ఉపోద్ఘాతం:

ప్రబోధ కవిత్వాన్ని 'ప్రచారం' అని పక్కన పెట్టడం ఒక అలవాటు. 'చారిత్రకావసరం' అని గౌరవించి వదిలేయడం మరొకటి. రెండింటిలోనూ రచన నిర్మాణం మరుగున పడుతుంది. వలస ప్రభుత్వం మాత్రం అక్షరానికున్న శక్తిని తక్కువగా అంచనా వేయలేదు. 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన వ్యాసానికి 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, పాటకు 1922లో గరిమెళ్ల జైలుకు వెళ్లారు. పాలకులు భయపడిన ఆ శక్తి భాషలో ఎక్కడుందో చెప్పడం విమర్శకుని బాధ్యత.

2. చిలకమర్తి - చూపించడం:

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసాలను చిలకమర్తి తెలుగులో వినిపించారు. ఆ సందర్భంలో చెప్పిన తేటగీతిలో దేశం పాడియావు, ప్రజలు ఆకలిగొన్న దూడలు, పాలకులు దూడల మూతులు కట్టి పాలు పితుక్కునే గడుసరులు. సంపద తరలిపోవడమనే ఆర్థికవాదాన్ని వివరించడానికి గ్రంథాలు కావాలి. చిలకమర్తి దానిని ప్రతి పల్లెలోనూ కనిపించే దృశ్యంగా మార్చి నాలుగు పాదాల్లో ఇమిడ్చారు. కంఠస్థం చేయడానికి అనువైన ఛందస్సు ఆ దృశ్యాన్ని సభ దాటించింది.

అయితే ఈ పద్యంలో సంబోధన లేదు. అంతా ప్రథమ పురుషలోనే సాగుతుంది. శ్రోత తన స్థితిని బయటినుంచి చూసి జాలిపడతాడు, కోపగిస్తాడు. దూడ తన మూతికట్టు తానే విప్పుకోలేదు కనుక, ఉపమానం లోపల ప్రతిఘటనకు చోటు లేదు. ప్రజలను 'హిందువులు'గా మాత్రమే పేర్కొనడం వల్ల జాతిభావన పరిధి కూడా కుదించుకుపోయింది. పద్యం బలం, పరిమితి రెండూ ఆ ఒక్క ఉపమానంలోనే ఉన్నాయి.

3. గురజాడ - పురమాయించడం:

1910లో రచించిన 'దేశభక్తి' 1913లో కృష్ణాపత్రికలో వెలువడింది. ఇక్కడ క్రియలు విధ్యర్థకాలు. 'అన్నా', 'ఓయ్' అనే పిలుపులతో కవి ఎదుటి మనిషిని నేరుగా పలకరిస్తాడు. మూడు, నాలుగు మాత్రల ముత్యాలసరం నడక ఆ పలకరింపును పద్యసభ నుంచి సంభాషణకు దగ్గర చేసింది.

గమనించవలసిన అంశం మరొకటి ఉంది. ఈ గేయం గురి పరపాలకుడు కాదు. పని, పంట, తిండికలిగిన దేహం, దేశీయ సరుకులు, పొరుగువానికి తోడ్పాటు, మతభేదాలకు అతీతమైన ఐక్యత దీని అంశాలు. అవతలివాడి దోషం కంటే ఇవతలివాడి కర్తవ్యం దీనికి ముఖ్యం. చిలకమర్తి పద్యంలో నిస్సహాయుడైన ప్రజ ఇక్కడ కర్త అయ్యాడు. కాని ఆదేశించే గొంతు కవిదే. శ్రోత ఇంకా వినే స్థానంలోనే ఉన్నాడు.

4. గరిమెళ్ల - పాడించడం:

సహాయ నిరాకరణోద్యమ కాలపు 'మాకొద్దీ తెల్లదొరతనము'లో మాట్లాడేవారు ప్రజలే. పల్లవిలోని 'మాకు' అనే పదం ఇక్కడ కీలకం. తెలుగులో 'మనము' శ్రోతను కలుపుకొంటుంది, 'మేము' మినహాయిస్తుంది. పల్లవి సంబోధించేది దైవాన్ని కనుక 'మాకు' వ్యాకరణరీత్యా సహజమే. దాని రాజకీయార్థం మాత్రం లోతైనది. అర్జీ దొరకు కాదు, దొరను దాటి పైకి వెళ్తోంది. పాలకుడు ఆ సంభాషణలో భాగస్వామి కాడు, ఫిర్యాదుకు విషయం మాత్రమే.

తిండి, ఉప్పు, మాన ప్రాణాలు వంటి నిత్యజీవితపు కష్టాలు చరణాల్లో వరుసగా వస్తాయి. ప్రతి కష్టం చివరా పల్లవి తిరిగి వచ్చి దానిని తిరస్కారంగా మారుస్తుంది. పల్లవిని అందుకొన్న ప్రతి మనిషీ, కవి పేరు తెలియకపోయినా, 'మా'లో చేరిపోతాడు. పద్యాన్ని విన్నవాడు సాక్షి, పాటను పాడినవాడు వాదానికి కర్త. ప్రభుత్వం కవిని బంధించగలిగింది కాని, అప్పటికే అనేకుల నోట చేరిన ఉత్తమ పురుషను బంధించలేకపోయింది.

5. ముగింపు:

ప్రథమ, మధ్యమ, ఉత్తమ పురుషల ఈ వరుసను వికాసక్రమంగా భావించనవసరం లేదు. ముగ్గురి సందర్భాలు వేరు: చిలకమర్తిది సభ, గురజాడది పత్రిక, గరిమెళ్లది ఉద్యమం. అయినా చూపించడం, పురమాయించడం, పాడించడం అనే మూడు రీతులు ఇతర ఉద్యమ కవిత్వాల పరిశీలనకూ ఉపకరిస్తాయి.

చివరగా ఒక ప్రశ్న మిగులుతుంది. గరిమెళ్ల 'మా'లో అందరికీ సమానమైన చోటు ఉన్నదా? ఊరి వెలుపలి మనిషి గొంతు అందులో విడిగా వినిపించదు. ఆ గొంతు కోసం అదే దశాబ్దంలో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' దాకా వెళ్లవలసి వచ్చింది. తెల్లదొరతనం వద్దన్న 'మేము' తమలో తాము ఎవరెవరన్న విచారణ అక్కడినుంచి మొదలుకావాలి.