రంది, బుగులు: విద్యార్థి భయానికి సాహిత్యంలో చోటు

తెలుగు నవలకు విద్యార్థి కొత్తవాడు కాడు. ప్రేమికుడుగా, ఉద్యమకారుడుగా, నిరుద్యోగిగా చాలాసార్లు కనిపించాడు. కాని తరగతిగదిలో బెంచీమీద కూర్చుని, అధ్యాపకుడు తన పేరు పిలుస్తాడేమోనని గుండె దడదడలాడుతున్న మనిషిగా కనిపించిన సందర్భాలు తక్కువ. ఇది వస్తు వైవిధ్యంలో ఒక చిన్న లోటు అనుకుంటే పొరపాటు. భయాన్ని మన సాహిత్యమూ, మన విమర్శా ఏ విధంగా అర్థం చేసుకున్నాయనే ప్రశ్న ఇందులో ఉంది. నవీన్ ‘అంపశయ్య’ను ఆధారం చేసుకుని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మాటల సంగతి చూద్దాం. నల్లగొండ పల్లెల్లో భయానికీ బెంగకూ వాడే మాటల్లో రెండు ఉన్నాయి: రంది, బుగులు. వాడుకలో ఇవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూనే ఉంటాయి. అయినా తేడా తెలుస్తుంది. రంది మనిషిని రోజుల తరబడి తినేది. అప్పు రంది, పంట రంది, పరీక్ష రంది. ఇంకా మీదికి రాని కష్టాన్ని ఇప్పటినుంచే మోయడం అది. బుగులు అట్లా కాదు. ఒక్కసారిగా మీద పడుతుంది, ఒళ్ళంతా పట్టుకుంటుంది. మానసిక వైద్యులు ఆందోళన అనీ, పానిక్ అనీ విడదీసి చెప్పేదాన్ని జనభాష తనదైన పద్ధతిలో ముందే గుర్తించింది.

‘అంపశయ్య’ 1969లో వెలువడింది. వరంగల్ ప్రాంతంలోని వావిలాల నుంచి వచ్చిన నవీన్, ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టల్లో ఉంటున్న రవి అనే విద్యార్థి జీవితంలో ఒకే ఒక రోజును చైతన్యస్రవంతి పద్ధతిలో చిత్రించాడు. జేమ్స్ జాయిస్ 1922లో ‘యులిసిస్’లో డబ్లిన్ నగరపు ఒక్క రోజును పట్టుకున్న తీరు దీనికి దారి చూపింది. అయితే శిల్పం పరాయిదైనా రవి మాత్రం మనవాడు. పల్లెటూరి బీదరైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. ఇంటి దగ్గరి లేమి, డబ్బు ఇబ్బంది, దగ్గరపడుతున్న పరీక్షలు, తోటివాళ్ళముందు తక్కువతనం అతన్ని బాణాల్లాగా గుచ్చుతుంటాయి. నవల పేరు అక్కడినుంచి వచ్చిందే.

ఇక్కడ ఒక పోలిక అవసరం. 1940లలో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావునూ, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధినీ సృష్టించారు. ఇద్దరూ తమలో తాము నలిగిపోయినవాళ్ళే. సీతారామారావు ఉన్న ఆస్తిని పోగొట్టుకుంటాడు. రవికి పోగొట్టుకోడానికి ఆస్తే లేదు. సీతారామారావు ఆందోళన కూలిపోతున్న వర్గానిది, రవి ఆందోళన కొత్తగా మెట్లెక్కుతున్న వర్గానిది. ఈ వర్గభేదాన్ని గమనించకుండా ముగ్గురినీ ‘మనోవైజ్ఞానిక నవలా నాయకులు’ అని ఒకే గాటన కట్టడంవల్ల విమర్శకు ఒరిగేదేమీ లేదు.

ఆ మెట్లు ఎట్లాంటివో తెలియాలంటే కట్టంగూర్ వంటి ఊరినుంచి చూడాలి. నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ మధ్య జాతీయ రహదారి మీద ఉన్న ఈ ఊరికి హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లు. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఏర్పడినాక దూరం ఇంకా తగ్గింది. కాని బస్సు దాటే దూరం వేరు, తరగతిగదిలో దాటవలసిన దూరం వేరు. 1918లో ఉస్మానియా స్థాపించినప్పుడు బోధన ఉర్దూలో సాగింది. హైదరాబాదు సంస్థానం 1948లో ఇండియన్ యూనియన్‌లో కలిసిన తర్వాత ఆ చోటు ఇంగ్లీషుకు దక్కింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి తెలుగులో పాఠ్యగ్రంథాలు వచ్చినా, ఎమ్మెస్సీ, ఎంబీఏ తరగతుల్లో నోరు విప్పాలంటే ఇంగ్లీషే కావాలి. తాతకు ఉర్దూ రాక భయం, మనవడికి ఇంగ్లీషు రాక భయం. నూరేళ్ళలో పాలకుల భాష మారింది గాని పల్లె పిల్లవాడి బెంచీ మారలేదు.

కాబట్టి సెమినార్ చెప్పవలసిన రోజున కట్టంగూర్ విద్యార్థికి కలిగే భయం కేవలం అతని నరాల బలహీనత కాదు. దానికి చరిత్ర ఉంది, వర్గం ఉంది, చాలా సందర్భాల్లో కులం కూడా ఉంది. ఇంతవరకు ప్రగతిశీల విమర్శ చెప్పగలదు, చెప్పింది కూడా. కాని ఇక్కడే ఆగిపోతే చాలదు.

ఎందుకంటే ఆ భయం శరీరంలో జరుగుతుంది. ప్రమాదం ఎదురైందని మెదడు భ్రమపడితే అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి పైపైన, గబగబా ఆడుతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, తల తిరుగుతుంది, కళ్ళముందు మసక కమ్ముతుంది. చచ్చిపోతానేమో, పిచ్చెక్కుతుందేమో అనిపిస్తుంది. సాధారణంగా పది నిమిషాల లోపలే ఇది శిఖరానికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. కాని ఆ పది నిమిషాలు అనుభవించిన విద్యార్థి మర్నాటినుంచి తలుపు పక్క బెంచీ వెతుక్కుంటాడు. ఆపైన ఆ క్లాసు మానేస్తాడు. మానిన ప్రతిసారీ ప్రాణం కుదుటపడుతుంది. ఆ కుదుటపడటమే భయాన్ని మరింత పెంచుతుంది. చివరికి హాజరు చాలక పరీక్షకు దూరమవుతాడు. ఆడపిల్ల అయితే పరిస్థితి ఇంకా కఠినం. ఇంట్లో చెబితే ‘చదువు చాలు’ అని పెళ్ళి సంబంధాలు చూస్తారేమోననే రంది ఆమెకు అదనం.

రవి దినచర్యలో నవీన్ అద్భుతంగా పట్టుకున్నది ప్రధానంగా రందిని. చైతన్యస్రవంతి రందికి సహజమైన శిల్పం. ఒక తలపు మరొక తలపును లాగుతుంది, గతం వర్తమానంలోకి పారుతుంది. కాని బుగులులో స్రవంతి ఉండదు. ఆలోచన తెగిపోతుంది. మిగిలేది శరీరం, తలుపు, గోడ మీది గడియారం. ఆ తెగిన క్షణాన్ని చెప్పగల వాక్యం ఏదన్నది ‘అంపశయ్య’ తర్వాతి రచయితలముందున్న శిల్ప సమస్య. వస్తువు మారినప్పుడు శిల్పం మారక తప్పదు.

విమర్శలో రెండు ధోరణులు ఈ సమస్యకు అడ్డుపడుతున్నాయి. మొదటిది భయాన్ని మానవుడి శాశ్వత స్థితిగా, ఒంటరితనపు వేదాంతంగా మార్చేది. దీనికి రవి జేబులోని చిల్లర కనపడదు. రెండవది వ్యవస్థ మారితే భయం దానంతటదే పోతుందనే యాంత్రిక ధోరణి. దీనికి రవి గుండెదడ వినపడదు. వ్యవస్థ మారవలసిందే. కాని వచ్చే మంగళవారం సెమినార్ ఉన్న పిల్లకు మంగళవారం దాటే దారి కూడా కావాలి. ఊపిరిని మెల్లగా, దీర్ఘంగా వదలడం, పాదాలను నేలకు ఆనించి చుట్టూ ఉన్న వస్తువులను ఒక్కొక్కటిగా గుర్తించడం, లేచిపోకుండా ఆ అల తగ్గేదాకా కూర్చోవడం, పక్క స్నేహితురాలికి సంగతి చెప్పి ఉంచడం, అవసరమైతే వైద్యుణ్ణి కలవడం – ఇవి లొంగుబాటు కావు. తరగతిగదిలో తన చోటు తాను వదులుకోకపోవడం అది. పీడిత వర్గంనుంచి వచ్చిన విద్యార్థి బెంచీ మీద మిగలడమే ఒక పోరాటం అయినప్పుడు, మిగిలే పద్ధతి సాహిత్య వస్తువు ఎందుకు కాకూడదు?

అట్లాగని భారమంతా విద్యార్థి ఊపిరిమీదనే వేయడం మోసం. ఊపిరి నెమ్మదించినంత మాత్రాన పాఠం అర్థమయ్యే భాషలోకి మారదు, ఆగిన స్కాలర్‌షిప్ రాదు. 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించిన తర్వాత, కులాన్ని పక్కకు నెట్టి విద్యార్థి మనసు గురించి మాట్లాడటం ఎవరికీ సాధ్యం కాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 14416 నంబరుతో టెలీమానస్ ప్రారంభించింది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో, వందమంది లేక అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సిలర్ కనీసం ఒకరు ఉండాలని ఆదేశించింది. ఆదేశం కాగితం మీద ఉంది. ఆ కౌన్సిలర్‌కు రంది, బుగులు అనే మాటల అర్థం తెలుసా అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. తన భాషలో చెప్పుకోలేని బాధకు సగం వైద్యమే జరుగుతుంది.

రచయితల పని ఇక్కడ మొదలవుతుంది. బాధకు మాట దొరకనిచోట మాటను అందించేది సాహిత్యం. రవి తర్వాత అర్ధశతాబ్దం దాటింది. రవి వంటివాళ్ళు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో సగం మంది అమ్మాయిలు. వాళ్ళను జాలిపడవలసిన రోగులుగానో, ఉపన్యాసాలిచ్చే కథానాయకులుగానో కాక, చెమట పట్టిన అరచేతులతో లేచి నిలబడి, గొంతు వణుకుతుండగానే తమ సెమినార్ పూర్తిచేసిన మనుషులుగా చిత్రించే కథ రావాలి. అందులో భయం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి, దాన్ని ఎట్లా దాటారో కూడా తెలియాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ కథ సగం సత్యమే చెప్పినట్లు.