భీముని బాల్యక్రీడలు: నవ్వు, అవమానము, కావ్యార్థము

తెలుగున ఒకే చేష్టకు రెండు మాటలు గలవు. బలవంతుడు బలహీనుని పదేపదే బాధించి వినోదించుటను చేయువాని వైపునుండి చూచి 'ఆటపట్టించుట' యందుము; పడువాని వైపునుండి చూచి 'ఏడిపించుట' యందుము. మొదటి మాటలో ఆట యున్నది, రెండవ మాటలో ఏడుపున్నది. భారతమందలి యొక చిన్న ఘట్టమును ఈ రెండు మాటల నడుమ నిలిపి చూచినచో, కౌరవపాండవ వైరమునకు మన విమర్శకులు సామాన్యముగ చెప్పుచు వచ్చిన యర్థమును కొంత సవరింపవలసి యుండునని మాకు తోచుచున్నది.

పాండురాజు మరణానంతరము కుంతి కుమారులతో హస్తినాపురము చేరినది. రాజకుమారు లందరును కలిసి యాడుకొను కాలము. ఆదిపర్వమున వ్యాసు డా యాటలను కొలది శ్లోకములలో వర్ణించినాడు. ధృతరాష్ట్రుని కుమారులు నూటొక్కరిని భీము డొక్కడే యవలీలగ నలగగొట్టును. ప్రచురపాఠమున, జుట్టు పట్టి నేలపై నీడ్చును. ఈడ్వబడిన బాలురు మోకాళ్లును తలలును ఒరసికొనిపోయి యరచుచుందురు. జలక్రీడలో పదుగురిని బాహువుల బంధించి నీట మునిగి, వారు మృతప్రాయులైన పిదప విడుచును. పండ్లకై వారు చెట్లెక్కినపుడు కాలితో చెట్టును తన్ని కదల్చును; పండ్లతోపాటు బాలురును రాలుదురు. నన్నయభట్టారకుడును ఈ ఘట్టమును తెనిగించియున్నాడు. దీని చివర మూలకవి యొక మాట చేర్చినాడు: భీము డిదంతయు బాల్యచాపలముచే చేసెనే కాని ద్రోహబుద్ధితో కాదని.

ఈ చివరి మాటతో తృప్తిపడిన వ్యాఖ్యాతలు పెక్కుమంది. భీమునిది ఆట, దుర్యోధనునిది అసూయ. ఆ యసూయ జన్మసిద్ధము, కలియంశసంభూతము. ఇంతటితో విచారణ ముగియును. కాని కవి కథాక్రమమును ఇట్లు కూర్చలేదు. పై శ్లోకముల వెంటనే, వేరు కథ యేదియు నడుమ రాకుండ, ప్రమాణకోటిలో విషాన్నము పెట్టుటయు, నిద్రించుచున్న భీముని లతలతో కట్టి గంగలో త్రోయుటయు వచ్చుచున్నవి. నీట మునుగుట మొదటి దానిలోను ఉన్నది, రెండవ దానిలోను ఉన్నది. విషప్రయోగము ఘోరపాతకము, చెట్టునుండి రాలిన దెబ్బలకు ప్రాణహరణము ప్రతిక్రియ కాజాలదు. ఐనను ఒకదాని ప్రక్కన నొకటి నుంచుట కవి బుద్ధిపూర్వకముగ చేసిన పని యని మా నమ్మకము. భీమునిది కేవలము నిర్దోషమగు క్రీడయే యైనచో మోకాళ్ల గాయములను లెక్కపెట్టవలసిన పని కవికి లేదు.

పాఠశాలలలో పిల్లలు పిల్లలను వేధించుటను శాస్త్రీయముగ పరిశీలించినవారిలో నార్వే దేశపు మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ ప్రథముడు. 1970ల నుండి సాగిన తన పరిశోధనలలో నాతడు ఈ చేష్టకు మూడు గుర్తులు నిరూపించినాడు: హాని చేయు నుద్దేశము, పునరావృత్తి, బలాబలముల వ్యత్యాసము. ఒకడు నూటొక్కరిని బాధించుట యెట్లని శంకింపనక్కరలేదు. బలము సంఖ్యలో లేదు, భీముని శరీరములో నున్నది. చివరి రెండు గుర్తులును ఇచట స్పష్టములు. మొదటిదానియొద్దనే చిక్కు. కవి యా యుద్దేశము లేదనుచున్నాడు. లేదనుట చేసినవాని పక్షమున సాక్ష్యము. పడినవా డా సాక్ష్యమును చూడలేడు, వానికి కనబడునది కదలుచున్న చెట్టు మాత్రమే. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగు నిషేధ చట్టము ఈ సూక్ష్మమును గ్రహించినది. విద్యార్థికి అవమానమును గాని భయమును గాని కలిగించు, లేక కలిగింపగల చేష్టను అది ర్యాగింగుగ నిర్వచించినది. 'సరదాకు చేసితిమి' యను సమాధానము కళాశాలలలో నెంత ప్రచురమో విశ్వవిద్యాలయములందు పనిచేయువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంతకంటె కష్టమైన విషయ మొకటి కలదు. ఈ ఘట్టమును చదువునపుడు మనము నవ్వుదుము. పండ్లతోపాటు బాలురు రాలుట హాస్యస్ఫోరకముగనే చెప్పబడినది. పిల్లలకు కథ చెప్పువారు దీనిని వదలరు. ఫిన్లాండు పరిశోధకురాలు క్రిస్టినా సాల్మివల్లి 1996లో ప్రకటించిన పరిశీలనలో, వేధించువాడును పడువాడును గాక చుట్టునున్న పిల్లలకు సైతము పాత్రలు గలవని చూపినది: చేయి కలుపువారు, నవ్వి యుత్సాహపరచువారు, తప్పుకొనువారు, అడ్డుపడువారు. ఆదిపర్వమును చదువు మనము రెండవ తెగలో చేరుచున్నాము. మన యలంకారశాస్త్ర మిచ్చట తోడ్పడదు. భరతుడు హాస్యమును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము నని ఆరు విధములుగ విభజించి, నవ్వువాడు ఉత్తముడో మధ్యముడో అధముడో యను దానినిబట్టి వానిని పంచినాడు. నవ్వబడినవాడు విభావము మాత్రమే. వానికి కలుగు రసమేది యను ప్రశ్న కా విభాగములో తావు లేదు. ఇతిహాసకవి యా ప్రశ్నను సభాపర్వమున వేసినాడు.

రాజసూయానంతరము మయసభలో దుర్యోధనుడు స్ఫటికస్థలమును నీరనుకొనును, నీటిని నేల యనుకొని పడును. అప్పుడు నవ్వినవారు భీముడు, అర్జునుడు, కవలలు, సేవకులు నని సంస్కృతమూలమున కథకుడు చెప్పుచున్నాడు. ఇదే వృత్తాంతమును దుర్యోధనుడు తరువాత తండ్రికి చెప్పును. ఆ చెప్పుటలో శ్రీకృష్ణు డర్జునునితో కలిసి బిగ్గరగ నవ్వెను. ద్రౌపది స్త్రీలతో కూడి నవ్వి తన మనస్సును నొప్పించెను. కథకుని పట్టికలో లేని యిద్దరు బాధితుని పట్టికలో చేరినారు. ఎవరి మాట నిజమో కవి తేల్చలేదు. అవమానము పొందిన మనస్సు జ్ఞాపకములో నవ్వినవారి సంఖ్యను పెంచుననియు, ఎవరి నవ్వు ఎక్కువ నొప్పించునో వారిని ముందు నిలుపుననియు మేము దీనిని గ్రహించుచున్నాము. తెలుగు దేశమున 'ద్రౌపది నవ్వినది' యనునదే లోకప్రసిద్ధమైన కథ. కథకుని మాటకంటె దుర్యోధనుని మాటనే మన జనులు నమ్మినారన్నమాట!

నందమూరి తారక రామారావుగారి 'దానవీరశూరకర్ణ' (1977) చిత్రము ఈ నమ్మకమునకు పరాకాష్ఠ. అందలి మయసభారంగమున పడినవాని గొంతుకయే వినబడును. కొండవీటి వెంకటకవిగారి సంభాషణలు నేటికిని జనుల నోళ్లలో నానుచున్నవి. నవ్వబడినవానికి నోరిచ్చుట గొప్ప పనియే. కాని యా వాగ్ధోరణిలో అవమానము గర్వముగ మారి ప్రేక్షకుని ముగ్ధుని చేయును. దాని వలన తరువాత నెవరు పడిరో చూచుటకు తీరిక యుండదు. వ్యాసుడు పాఠకున కా తీరికను బలవంతముగ కల్పించినాడు.

ద్యూతసభలో దుశ్శాసనుడు ద్రౌపదిని జుట్టు పట్టి యీడ్చును. రాజసూయావభృథమున మంత్రజలముచే తడిసిన జుట్టది. ఈడ్చుచున్నవాడు బాల్యమున జుట్టు పట్టి యీడ్వబడినవారిలో నొకడు. ద్రౌపది యే చెట్టును కదల్పలేదు. ఆ బాలు రరచుచున్నపుడు ఆమె హస్తినలోనే లేదు. బాధితుడు బాధకుడైనపుడు తన్ను బాధించినవానిని వెదకడు, తనకంటె దుర్బలుని వెదకును. భీష్ముడు ధర్మసూక్ష్మత యని తప్పుకొనెను. తక్కిన రాజుల మౌనమును గూర్చి విమర్శకులు చాల వ్రాసిరి. మేము మరల వ్రాయము.

మాకు ముఖ్యుడు వికర్ణుడు. విదురుడు ముందే హెచ్చరించియున్నను, ధృతరాష్ట్రపుత్రులలో లేచినవా డీత డొక్కడు. ధర్మరాజు తన్ను తా నోడిన పిదప ద్రౌపదిని ఒడ్డుటకు అధికారము లేదనియు, ఆమె యొక్కని సొత్తు కాదనియు, కావున జితురాలు కాదనియు వాదించెను. కర్ణుడు బాలు డనియు, తెలియనివా డనియు వానిని గద్దించి కూర్చుండబెట్టెను. వికర్ణుడు నూరుగురిలో నొకడు. భీముడు ముంచిన నీట, రాల్చిన చెట్టున నాతడును ఉండితీరవలెను. దుర్యోధనుని క్రౌర్యమునకు బాల్యావమానమే సంపూర్ణకారణ మనువారికి ఇతడు ప్రత్యుత్తరము. జన్మదోషమే కారణ మనువారికిని ఇతడే ప్రత్యుత్తరము. ఒకే యింట పుట్టి, ఒకే చేతి దెబ్బలు తిని, వీ డీడ్చుచున్నదానిని చూచి లేచినాడు.

ద్రోణపర్వమున, యుద్ధములో పదునాలుగవ దినమున, వికర్ణుడు భీముని చేతిలో పడును. నూరుగురిని చంపెదనను ప్రతిజ్ఞ వానిని మినహాయింపలేదు. మూలమున భీము డచ్చట నిలిచి, నూరుగురిలో నీ యొకనిని పేరు పెట్టి పిలిచి, ప్రతిజ్ఞ నిలుపుకొనుటకై నిన్ను చంపితినని దుఃఖించును.