బాటసారి కోసం కట్టిన గోడలు

సరాయి పారసీక మాట. ఇల్లు, మహలు, బస అన్నీ అందులోనే ఉన్నాయి. ఇస్తాంబుల్‌లో తోప్‌కాపి సరాయి అంటే సుల్తానుల కోట. బోస్నియా రాజధాని సరయేవో పేరులోనూ అదే మాట. ఢిల్లీలో సరాయ్ రోహిల్లా అన్నప్పుడు అది బాటసారులు తలదాచుకున్న చోటు.   సుల్తాను నివాసానికీ, ఊరూ పేరూ తెలియని ఒంటెలవాడు ఒక్క రాత్రి పడుకునే చోటుకీ పేరు ఒకటే కావడం నాకెంతో నచ్చుతుంది.

ఇరాన్ ఎడారి దారుల్లో ఒంటెల బిడారు ఒక రోజులో నడవగలిగేది సుమారు ముప్పై, నలభై కిలోమీటర్లు. సరాయిలను ఆ లెక్కనే కట్టుకుంటూ పోయారు. బయటికి ఎత్తైన మొండి గోడ, ఒకే ఒక్క వాకిలి. బరువులతో ఉన్న ఒంటె తల వంచకుండా లోపలికి రావాలి కాబట్టి ఆ వాకిలి అంత ఎత్తు. పొద్దు గూకితే తలుపులు మూసేసేవారు. లోపల మన మండువా లోగిలిలాగే ఆకాశానికి తెరిచిన నడిమి ఆవరణ, దాని చుట్టూ అరుగులు, అరుగుల వెనక గదులు. గదుల వీపు వెనక చీకటి నడవల్లో పశువుల కొట్టాలు. చలికాలంలో ఒంటెలవాళ్లు ఆ కొట్టాల్లోని అరుగుల మీదే, పశువుల ఒంటి వెచ్చదనంలో పడుకునేవారు.

గోడలు కట్టడం ఒక ఎత్తు, వాటిని నడపడం ఇంకో ఎత్తు. టర్కీలో కైసేరి దగ్గరి కరతాయ్ హాన్ అనే సరాయిని 1240 ప్రాంతంలో సెల్జుక్ అధికారి జలాలుద్దీన్ కరతాయ్ పూర్తిచేయించాడు. దాని నిర్వహణకు రాయించిన వక్ఫు (ధర్మదాన) పత్రం ఇప్పటికీ ఉంది. వచ్చినవాడు ముస్లిమైనా కాకపోయినా, ఆడైనా మగైనా, స్వతంత్రుడైనా బానిసైనా రొట్టె, మాంసం కూర పెట్టాలని అందులో రాశారు. శుక్రవారం ముందు రాత్రి తేనె హల్వా. చెప్పుల్లేని పేదవాడికి చెప్పులు. పశువులకు మేత. సత్రానికి మాన్యం రాసినట్టే ఈ ఖర్చులకు ఆస్తులు రాసి ఇచ్చారు. దాత పోయాక కూడా పొయ్యి వెలగాలన్నదే ఆ ఏర్పాటు. ఆతిథ్యం ఒకరి మంచి మనసు మీద కాక, పత్రం మీద నిలబడింది.

మన దేశంలో షేర్ షా (1540–45) రెండు కోసులకొక సరాయి కట్టించాడని చరిత్రకారుడు అబ్బాస్ ఖాన్ సర్వానీ రాశాడు. గుమ్మంలో నీళ్ల కుండలు, గుర్రాలకు దాణా, హిందువులకు నీళ్లు పెట్టి వండిపెట్టడానికి బ్రాహ్మణులు. అయితే అక్కడ హిందువులకూ ముస్లిములకూ బసలు వేరు, భోజనం హోదాను బట్టి. కరతాయ్ పత్రంలో ఆ తేడాలు లేవు. అందుకే నాకు అది ఎక్కువ గొప్పగా కనిపిస్తుంది.

2023లో యునెస్కో ఇరాన్‌లోని 54 సరాయిలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యజ్ద్ దగ్గరి గుండ్రటి జైనొద్దీన్ సరాయి హోటలుగా నడిచింది. హైదరాబాద్ షేక్‌పేటలోనూ కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఉంది. ఇలాంటివి బాగుచేసేటప్పుడు అలంకారమున్న ముఖద్వారంతో ఆగిపోకూడదు. కొట్టాలు, మేత తొట్లు, నీటి ఏర్పాట్లు కూడా చూపించాలి. ఒంటెలవాడి రాత్రి గడిచింది అక్కడే.