దూత స్మృతి: ‘సీతారామం’ చిత్రంలో లేఖ, జ్ఞాపకం

యుద్ధకాలపు ప్రణయాన్ని కాలాంతరంలో స్మరించే కథలలో సాధారణంగా ప్రేమించినవారే జ్ఞాపకానికి కర్తలు. హను రాఘవపూడి దర్శకత్వంలో 2022లో విడుదలైన ‘సీతారామం’ ఈ పద్ధతిని మార్చింది. ఇందులో గతాన్ని వెలికితీసేది ప్రేమికులు కారు, ఆ ప్రేమతో తనకే సంబంధమూ లేదనుకొనే అఫ్రీన్. ఈ మార్పు చిత్రానికి ఏమి సమకూర్చిందో, ఏమి దూరం చేసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథకు రెండు లేఖలు ఆధారం. అనాథ అయిన లెఫ్టినెంట్ రామ్‌కు భార్యనంటూ సీతామహాలక్ష్మి రాసిన ఉత్తరంలో చిరునామా ఉండదు. అతడు ఆమెను వెదుకుతాడు. పాకిస్తాన్ చెర నుంచి అతడు రాసిన ఉత్తరానికి హైదరాబాదు చిరునామా ఉంది. కాని 1985లో ఆ చోట సీత లేదు. మొదటి అన్వేషణ ప్రేమకు దారితీస్తే, రెండవది చరిత్రకు దారితీస్తుంది.

రామాయణ స్మరణ పేర్లకే పరిమితం కాలేదు. ఇక్కడ సరిహద్దుకు ఆవల చెరలో ఉన్నది రాముడు. సందేశం అందవలసినది సీతకు. హనుమంతుడు భక్తితో అంగుళీయకాన్ని మోశాడు. అఫ్రీన్ తాత ఆస్తి కోసం ఉత్తరాన్ని మోసింది. నాడు రామ్ కాపాడిన పసిబిడ్డ తానేనని తెలిసినప్పుడు ఆమె దౌత్యం ఋణవిమోచనమవుతుంది. తనకు గుర్తులేని గతానికి కూడా మనిషి బాధ్యత వహించవలసి ఉంటుందన్న ఈ సూచనే చిత్రంలోని బలమైన ఊహ.

అయితే దీనికి చెల్లించిన మూల్యం నూర్జహాన్ గొంతు. అఫ్రీన్‌కు గతాన్ని వివరించేవారిలో ఎక్కువమంది రామ్‌ను ఎరిగినవారే. 1965 తరువాతి ఇరవై ఏళ్లు ఆమె పక్షాన దాదాపు శూన్యం. ఆ మౌనం విరహ గాంభీర్యానికి తగినదేనని వాదించవచ్చు. కాని రాచకుటుంబాన్నీ, మతపు హద్దునూ దాటి ప్రేమించిన స్త్రీ, దేశద్రోహి అన్న నిందను మోస్తున్న మనిషి కోసం నిరీక్షించడం కేవలం భావం కాదు, జీవితకాలపు నిర్ణయం. ఆ నిర్ణయపు కష్టం తెర మీదికి రాలేదు. చిత్రనామంలోనూ మిగిలింది ఆమె ధరించిన పేరే.

నిరీక్షణను సీతకు సహజగుణంగా భావించే సంప్రదాయం నూర్జహాన్‌ను ప్రశ్నించనవసరం లేకుండా చేసింది. స్మృతిని దూతకు అప్పగించి కొత్తదారి తొక్కిన చిత్రం, నిరీక్షించినవారి స్మృతి దగ్గర మాత్రం పాతదారిలోనే ఆగిపోయింది.